ధూపం తాత చేతులు

మా వీధి చివర మిఠాయి అంగట్లో ఇప్పుడు శుక్రవారం పూట కప్పు సాంబ్రాణి వెలిగిస్తున్నారు. పెట్టెలో పన్నెండు కప్పులుంటాయి. అగ్గిపుల్ల గీసి పెడితే చాలు, దానంతట అదే కాలి దానంతట అదే ఆరిపోతుంది. మొన్న పాలకని అటువైపు పోతుంటే ఆ పొగ ముఖానికి కొట్టి తుమ్ము వచ్చింది. తుమ్మి, ముక్కు తుడుచుకుని, ధూపం తాత ఉంటే ఏమనేవాడోనని తలుచుకుని వీధిలో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. "బిడ్డా, పిడకకు అత్తరు పూసి పెండ్లికి పంపినట్లుండాది" అనేవాడు. ఈ మాటే అనేవాడని నేను ప్రమాణం చెయ్యలేను గానీ, ఇలాంటిదే ఏదో ఒకటి అనకుండా మాత్రం ఆ అంగడి దాటేవాడు కాదు.

ఆయనది నంద్యాల. గురువారం నంద్యాల అంగళ్లు, శుక్రవారం మా ఆళ్లగడ్డ అంగళ్లు. పొద్దున మొదటి బస్సు దిగి, టీ అంగట్లో నాలుగు నిప్పులు అడిగి చట్టిలో వేసుకుని, మీద చిటికెడు సాంబ్రాణి చల్లి, నెమలీకల కట్టతో పొగ విసురుకుంటూ బజారు ఈ చివర నుంచి ఆ చివరకు పోయేవాడు. జుమ్మా నమాజు వేళకు పని ముగిసేది. మా ఎరువుల అంగడి ఆ వరుసలో ఏడోది. మా ఇల్లు అంగడి వెనకే కాబట్టి, అక్కడ ధూపం వేశాక సందులోంచి మా వాకిట్లోకి వచ్చి, గడప బయటే నిలబడి, నా పూజ గదివైపు రెండుసార్లు పొగ విసిరి పోయేవాడు. నేను పెట్టిన మజ్జిగ తాగేవాడు. గ్లాసు మాత్రం ఆయనే కడిగి బోర్లించాలి. కడిగినా లాభం లేదని ఇద్దరికీ తెలుసు. ఆదివారం దాకా ఆ గ్లాసులో ఏది పోసినా సాంబ్రాణి వాసనే.

చేతులు అలాంటివి మరి. యాభై ఏళ్లు ఆ పొగలో మాగిన చేతులు. వేళ్ల గీతల్లో నల్లటి జిగురు దిగిపోయి, ఎవరో బొగ్గుతో గీసినట్టు ఉండేవి. ఆయన తీసి వేసిన గొళ్లెం, ఆయన లెక్కపెట్టి ఇచ్చిన చిల్లర, ఆయన తల నిమిరిన పిల్ల జుట్టు, అన్నీ ఒకటే వాసన. టీ అంగడాయన ఆయనకని ఒక గ్లాసు విడిగా పెట్టాడు, మతం వల్ల కాదు, వాసన వల్ల. అది తాతే చెప్పుకుని నవ్వేవాడు.

ముక్కు సంగతి చెప్పాలి. అంగడి మెట్టు ఎక్కకముందే ఆగి ఒకసారి గాలి పీల్చేవాడు. లోపల ఎవరికన్నా దగ్గు ఉంటే మెట్టు ఎక్కడు, బయటనుంచి బోర్డుకు పొగ చూపించి పోతాడు. బేరాలు లేక దిగులుగా ఉన్న అంగడికి రెండు చుట్లు ఎక్కువ. ఒకరోజు మా అంగట్లోకి వచ్చి మా ఆయన వంక చూసి, "అప్పా, ఈడ యూరియా కన్నా నీ కోపం వాసన ఎక్కువుండాది. పొద్దున్నే ఎవురితో పడినావ్?" అన్నాడట. పడింది నాతోనే. ఉప్మాలో ఉప్పు గురించి. మా ఆయన ఆ మాట లోపలికి వచ్చి నాకు చెప్పి, ఆ రోజుకు ఊరుకున్నాడు. నాకు బడి చదువు లేదు, మా నాయన ఇంట్లో పలక మీద దిద్దించిన అక్షరాలే. అయినా మనిషి మొహం చూసి, దాని వెనక ఏముందో కనిపెట్టి, నొప్పి కలగకుండా చెప్పడం ఒక పెద్ద చదువని ఈయన్ని చూసే తెలుసుకున్నాను. ఇలాంటి వాళ్లను మన వాకిటికి పంపినందుకు స్వామికి దండం పెట్టుకోవాలి.

అసలు కథకు కారణం నా నోరు. కరోనాకు రెండేళ్ల ముందు ఒక శుక్రవారం మజ్జిగ ఇస్తూ ఊరికే అడిగాను, సాంబ్రాణి చెట్టు ఎట్లుంటాది తాతా అని. గ్లాసు నోటిదాకా పోయింది, అక్కడే ఆగింది. ఆయన నా వంక చూసి, చట్టి వంక చూసి, మళ్లీ నా వంక చూశాడు.

"నాకేం తెల్సు బిడ్డా," అన్నాడు మెల్లగా. "నాకు తెల్సినప్పట్నించీ అది మూటలో ఉంటాది."

ఆ రోజు మజ్జిగ సగమే తాగాడు. యాభై ఏళ్లు ఒక చెట్టు పెట్టిన అన్నం తిని ఆ చెట్టు మొహం చూడలేదే అని ఆయనకు పట్టుకుంది. తర్వాత ప్రతి శుక్రవారమూ అదే మాట. కొండల్లో పెరిగే చెట్టంట, కొమ్మ నాటినా బతుకుతుందంట, పైర్ల మధ్యన గట్టు మీద కూడా పెంచుతారంట అని ఎక్కడెక్కడో విని వచ్చేవాడు. తను పోయేలోగా, కంటితో చూసిన చెట్టు సాంబ్రాణి ఒక్కసారైనా తన చట్టిలో వెయ్యాలి. అడిగింది అంతే. ఆయనకు నంద్యాలలో ఉన్నది ఒక గది, గది ముందు ఒక తులసి కుండీ అంత జాగా. మాకు అహోబిలం దోవలో మూడెకరాల మెట్ట చేను ఉంది. ఉత్తరపు గట్టు గరుసు నేల. అక్కడ గడ్డి కూడా మొహమాటానికి మొలుస్తుంది. ఆ గట్టు ఇమ్మని మా ఆయన్ని అడిగాను.

మా ఆయనకు ఆ గట్టు మీద వేరే ఆలోచన ఉంది. దాన్ని చదును చేసి ట్రాక్టరు తిరిగే దోవ చెయ్యాలని. ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. తాత తెచ్చిన కొమ్మలు సాంబ్రాణి చెట్లయితే గట్టు చెట్లది. వచ్చే ఎండాకాలానికి కాకపోతే జేసీబీ వస్తుంది.

జూన్ మొదట్లో తాత ఆటోలో పన్నెండు కట్టెలు తెచ్చాడు. శిరివెళ్ల దగ్గర ఒక కట్టెల అడితిలో ఏరినవి. చేయి లావు ఉన్నాయి, ఆకు లేదు, బూడిద రంగు తోలు. అడితి మనిషిని అడిగితే ఏ చెట్టో తనకు తెలియదన్నాడట. దానికేం, తాతకు ముక్కు ఉంది గదా. ఆ కుప్పలో ఒక్కో కట్టెనూ చేతికి తీసుకుని, గోటితో గీకి, వాసన చూసి, ఇది అవును, ఇది అవును అనుకుంటూ పన్నెండు ఏరాడు. మాకూ చూపించాడు. తన చేతిలో పట్టుకున్న కట్టెను నా ముక్కు దగ్గర పెట్టాడు. నిజంగా సాంబ్రాణి వాసన. నేను కళ్లకు అద్దుకున్నాను. మా ఆయన కూడా వాసన చూసి తల ఊపాడు.

గట్టు మీద మూరెడు లోతు గుంతలు తీసి, పైకొసకు పేడా ఎర్రమన్నూ మెత్తి, పన్నెండూ వరుసగా నాటాం. పక్కనే కంది సాళ్లు. నెల తిరిగేసరికి పన్నెండుకు పన్నెండూ చిగుళ్లు వేశాయి. ఒక్కటి కూడా పోలేదు. తాత ఆ చిగుళ్లు చూసి గట్టు మీదే కూర్చుండిపోయాడు. తర్వాతి శుక్రవారం మిఠాయి అంగట్లో రెండు కిలోల బాదుషా కొని, పొగ వేసిన ప్రతి అంగట్లోనూ ఒక్కోటి చేతిలో పెట్టి, ఇంక మీకు నా చెట్టు సాంబ్రాణే అని చెప్పుకుంటూ పోయాడు. ఆ బాదుషా నేనూ తిన్నాను. అదీ సాంబ్రాణి వాసనే వేసింది.

మాకు అడవి తేనె తెచ్చే చెంచు అక్క ఒకామె ఉంది. నల్లమల అంచున గూడెం. నెలకోసారి తేనె, కుంకుడుకాయలు తెచ్చి ఇచ్చి, వాకిట్లో కూర్చుని నాతో మాట్లాడి పోతుంది. ఆగస్టులో వచ్చినప్పుడు నేను గొప్పగా చేనికి తీసుకుపోయి చూపించాను. ఆమె ఒక ఆకు తెంపి, అంచు మీద వేలు నడిపి, నా వంక జాలిగా చూసింది.

"అమ్మా, మీరు సాంబ్రాణంటాండేది మా కొండల్లో అందుగు చెట్టు బంక. అందుగాకు అంచు రంపం మాదిరి ఉంటాది. ఇది సూడు, నున్నగుండాది. ఇది గుంపెన. కంచెకు పాతుతాం. దీన్ని ఇరిసి యాడ పారేసినా మొలుస్తాది."

పన్నెండుకు పన్నెండూ ఎందుకు బతికాయో అప్పుడు అర్థమైంది. మా ఆయనకు ఆకుల కన్నా ఎరువుల మూటలు బాగా తెలుసు, ఆయన గుర్తుపట్టలేదు. నేను మాత్రం ఏం గుర్తుపట్టాను? ఆ వాసన ఎక్కడిదా అని ఇంటిదాకా ఆలోచిస్తూ వచ్చాను. సందు తలుపు తీద్దామని గొళ్లెం మీద చెయ్యి వేశాను. అంతకు ముందురోజే శుక్రవారం. గొళ్లెం సాంబ్రాణి వాసన వేస్తోంది. అప్పుడు తెలిసింది. ఆయన వాసన చూసింది కట్టెను కాదు, తన చేతిని. ఆ చేతుల్లో వేపకట్టె పెట్టినా సాంబ్రాణి అయ్యేదే.

ఆ సంగతి ఫోనులో ఆయనకు చెప్పింది నేనే. ఇంకెవరి నోటనో, బజారులో వినడం కన్నా నా నోట వినడం మేలనుకున్నాను. "అట్లనా బిడ్డా," అని పెట్టేశాడు.

మూడు శుక్రవారాలు రాలేదు. బజారు అంతా సంగతి పాకి, మా ఆయన అంగట్లో కూర్చున్నవాళ్లు గుంపెన పొగ ఎప్పుడేస్తారని ఎకసక్కెం ఆడేవాళ్లు. నేను రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన పేరు చెప్పుకునేదాన్ని. ఆయన వస్తే చాలు, చెట్టు సంగతి తర్వాత అని.

నాలుగో శుక్రవారం వచ్చాడు. చట్టి లేదు, నెమలీకలు లేవు. ఉత్త చేతులు. మూడు వారాలూ కుంకుడుకాయ రసంతో, శనగపిండితో తోమి తోమి, తోలు పగిలి, పాలిపోయి ఉన్నాయి. అన్ని రోజులూ నిప్పు ముట్టలేదట, అంటే నంద్యాల అంగళ్లకూ పొగ లేదు, ఇంట్లో రాబడీ లేదు. నేరుగా మా ఆయన అంగట్లోకి పోయి, నలుగురు రైతులు ఉండగానే నిలబడి చెప్పాడు. నేను మధ్య తలుపు దగ్గర ఉండి విన్నాను.

"అప్పా, నేను తెచ్చింది సాంబ్రాణి కాదు. నా చెయ్యి వాసన సూసి కట్టె వాసన అనుకున్యా. గట్టు నీది. పీకించెయ్."

మా ఆయన మనిషి మంచివాడు గానీ మెత్తగా మాట్లాడడం చేతకాదు. లెక్క పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "పీకితే కూలి ఎవురిస్తారు, నువ్విస్తావా? ఎండాకాలం దాకా గడువుండాది గదా. పో, పోయి ఇంట్లో మజ్జిగ తాగు."

తాత మజ్జిగ తాగాడు. ఆ రోజు గ్లాసుకు ఏ వాసనా అంటలేదు. నాకు అది నచ్చలేదు.

రెండోసారి కొమ్మలు చెంచు అక్క తెచ్చింది, వాళ్లకు పట్టా ఇచ్చిన చేను గట్టున ఉన్న అందుగు చెట్టునుంచి. ఆకు రాలిన కాలం చూసి కోసి, కోసిన మొదట్లు వారం రోజులు నీడన ఆరబెట్టి, వాన పడబోయే ముందు తెచ్చింది. అప్పటికి మళ్లీ జూన్. నిజానికి ఎండాకాలం గడువు దాటిపోయింది, ఆ సంగతి మా ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమె ఒక కొమ్మ తోలు గీకి తాత ముక్కు దగ్గర పెట్టబోతే ఆయన వెనక్కి జరిగాడు. తన ముక్కును అడగవద్దన్నాడు. ఆమె చెప్పింది చాలన్నాడు. కొమ్మలు కూడా తను ముట్టలేదు, మన్ను తవ్వడం వరకే. గుంపెనల మధ్య మధ్యన పన్నెండు అందుగు కొమ్మలు నాటాం.

సాంబ్రాణి గుంపెన లాంటిది కాదు, దానికి పట్టుదల తక్కువ. పన్నెండులో పది ఎండిపోయాయి. రెండు చిగిర్చాయి. ఆ రెండిట్లో ఒకదాని మొదట్లో వాన నీళ్లు నిలిచి కుళ్లిపోయింది. ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కదాని చిగురు పక్క చేను మేకలు ఒకసారి కొరికి పోయాయి కూడా.

ఆ ఏడు పైరు కోత అయ్యాక మా ఆయన నిజంగానే జేసీబీ మనిషిని చేనికి పిలిచాడు. నేనూ పోయాను. మాట ఇచ్చిన దాన్ని, అడ్డం చెప్పడానికి నాకు ఏం హక్కు ఉంది? గట్టు మీద నరసింహస్వామిని తలుచుకుంటూ ఊరికే నిలబడ్డాను. ఆ డ్రైవరు గట్టంతా నడిచి వచ్చి, గుంపెనలు రొమ్ము ఎత్తు పెరిగి వేళ్లూనుకుని ఉంటే ఒకదాన్ని పట్టి ఊపి చూశాడు. అది కదల్లేదు. రాతి కూసాలకు ఎంతవుతోందో తెలుసా, వీటికి తీగ కొడితే నీకు పైసా ఖర్చు లేని కంచె కదా అన్నాడు. మా ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత చూసుకుంటానని చెప్పి జేసీబీని పంపించేశాడు. వారంలో తీగ చుట్ట కొన్నాడు. తాత చేసిన తప్పు పన్నెండు కూసాలై నిలబడింది. తీగ వచ్చాక మేక ఇటు రాలేదు, ఒంటరి అందుగు బతికిపోయింది. రాలిన గుంపెన ఆకు కంది సాళ్లలో కుళ్లి ఎరువైంది. ఎరువుల అంగడి మనిషి చేనికి ఊరికే ఎరువు. ఇలాంటివి నేను చెయ్యలేను, తాత చెయ్యలేడు, చేసేవాడు ఒకడున్నాడు. చేతులు జోడించడం తప్ప మనం చేసేదేముంది?

అప్పటినుంచీ తాత శుక్రవారం నమాజు అయ్యాక చేనికి పోయేవాడు. చెట్టుకు నీళ్లు పొయ్యొద్దని అక్క కట్టడి చేసింది కాబట్టి, చట్టిలో మిగిలిన బూడిద తెచ్చి మొదట్లో చుట్టూ పోసేవాడు. తిన్నదాన్నే తిరిగి పెడుతున్నానని నవ్వేవాడు. చేతులు మళ్లీ నల్లబడ్డాయి, మా గ్లాసుకు మళ్లీ వాసన వచ్చింది. చెట్టు తోలు కాగితంలా పొరలు పొరలుగా లేచి గాలికి రెపరెపలాడేది. ఆ పొరలను చూసి, మనవరాలికి కొత్త పావడా కుట్టించినట్టు మురిసిపోయేవాడు.

కరోనాలో బస్సులు లేవు, అంగళ్లు లేవు. నంద్యాలనుంచి ఫోను చేసేవాడు. ముందు మా ఆరోగ్యం, తర్వాత చెట్టు ఆరోగ్యం. ఒకరోజు ఫోను తీసుకుపోయి చెట్టు దగ్గర పెట్టమన్నాడు. పెట్టాను. ఏదో దువా చదివాడు. తర్వాత చెట్టుతో ఏమన్నాడంటే, "నేను బాగానే ఉండా, నువ్వు తిని పండుకో." ఫోను పట్టుకుని నిలబడ్డ నాకు నవ్వు ఆగలేదు. చేలో కూలి చేస్తున్న ఆడవాళ్లు ఎవరమ్మా అవతల అని అడిగితే చెట్టు తాత అని చెప్పాను.

రెండేళ్ల కింద ఎండాకాలంలో పక్క చేను ఎద్దు తాడు తెంపుకుని కంచె దాకా వచ్చి, తాడు కొస చెట్టుకు రాసుకుపోయింది. అక్కడ తోలు లేచి, నాలుగు రోజులకు జొన్నగింజంత బంక చుక్క కట్టింది. లేత తేనె రంగు. నేను ముట్టలేదు. శుక్రవారం దాకా రోజూ పోయి కాకి పొడవకుండా చూసి వచ్చాను. చెంచు అక్కకూ కబురు పెట్టాను.

తాత వచ్చాడు. చూశాడు. చెయ్యి ముందుకు చాపాడు, చాపినవాడు ఆగి ఆ చెయ్యిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టి, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని, బడిలో తప్పు చేసిన పిల్లవాడిలా వంగి, ముక్కు ఆ చుక్క దగ్గర పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. లేచేసరికి కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇది నేను కాదు బిడ్డా," అన్నాడు. "ఇది చెట్టే."

ఆ చుక్కను చట్టిలో వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. ఒక్క చుక్క ఒక్క అంగడికి కూడా చాలదట. అబద్ధానికి బాదుషా పంచినవాడు నిజానికి పొగ పంచకుండా ఎట్లా పోతాడు? బాదుషా తిన్న ప్రతి అంగడికీ ఈ చెట్టు ధూపం వేసి, ఇది నిజంగా సాంబ్రాణే అని చెప్పాలి. అందుకు ఎంత లేదన్నా అర గుప్పెడు కావాలి. చెట్టుకు గాటు పెట్టమని అక్కను బతిమాలాడు. ఆమె మొదలు చుట్టూ జానలు వేసి కొలిచి ఒప్పుకోలేదు. ఇంకో రెండు ఎండాకాలాలు ఆగాలంది.

"ఇప్పుడు గాటు పెడితే చెట్టు సస్తాది," అంది. "నీకంత తొందరైతే నువ్వు సావు సాయిబూ, దాన్నెందుకు సంపుతావ్?"

ఆ మాటకు అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆయనే. గట్టు మీద చతికిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ఏడాదంతా ఆ మాట బజారులో అందరికీ చెప్పుకున్నాడు. ఆ జొన్నగింజంత చుక్కను బీడీకట్ట కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

పోయిన మార్గశిరంలో ఆయన కూతురు నంద్యాలనుంచి ఫోను చేసింది. తెల్లవారి నమాజుకు లేపబోతే లేవలేదట. నొప్పీ రోగమూ ఏదీ లేకుండా, ఒకరిచేత ఒక గ్లాసు నీళ్లు తాగించుకోకుండా పోయాడు. అలా పోవడం అందరికీ దొరికేది కాదు. నేను ఏడ్చాను, తర్వాత దీపం పెట్టుకున్నాను.

ఈ ఎండాకాలం అక్క చెప్పిన గడువు పూర్తయింది. ఆమే వచ్చి, తేమ లేని పొద్దున చూసి, చిన్న ఉలితో మొదలు మీద బొటనవేలంత మేర తోలు మాత్రం పలచగా లేపింది. చెక్కకు తగలకూడదు, తగిలితే చెట్టు ఏడవడం మాని జబ్బు పడుతుందట. పదిహేను రోజులకు చుక్కలు గట్టిపడ్డాయి. అవి గీకి తీసి, ఆ గాటు అంచునే కొంచెం తాజా చేసింది. రెండు నెలల్లో మూడుసార్లు తీశాం. అంతా కలిపితే అర గుప్పెడు. తర్వాత గాటుకు మన్ను మెత్తి, వచ్చే ఏడుదాకా దీన్ని ముట్టొద్దని చెప్పి పోయింది.

ఆయన కూతురికి ఫోను చేసి చెప్పాను. ఆమె నంద్యాలలో బట్టలు కుడుతుంది. మరుసటి శుక్రవారం బస్సులో చట్టి, నెమలీకల కట్ట, ఆ బీడీకట్ట కాగితం తీసుకుని వచ్చింది. కాగితంలో జొన్నగింజ అలాగే ఉంది. "మా అబ్బ దీన్ని దినామూ తీసి సూసుకుంటాండె అక్కా," అంది. "ముట్టుకోడు. నేల మీద పెట్టి, చేతులెనక్కి కట్టుకుని సూస్తాండె."

చట్టి వచ్చింది, సాంబ్రాణి ఉంది. పట్టుకుని తిరిగే మనిషి లేడు. ఆమెకు బజారులో తిరగడం మొహమాటం. నేను పోదామని నోరు తెరిచేలోగా మా ఆయన అంగట్లోంచి లోపలికి వచ్చాడు. ఎవరూ ఏమీ అడగలేదు. చట్టి చూశాడు, మా ఇద్దరినీ చూశాడు, కండువా నడుముకు బిగించుకున్నాడు.

"నిప్పులేయ్," అన్నాడు నాతో. "జుమ్మా లోపల ముగించాల గదా."

ఆ రోజు బజారు ఏమందో నాకు తర్వాత నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. మొదటి అంగట్లో పొగ కళ్లలో పడి మా ఆయన దగ్గుతుంటే వాళ్లే నీళ్లు తెచ్చి ఇచ్చారట. యూరియా సాంబ్రాణి అని ఒకరు, ఎరువులు మానేసి పుణ్యం మొదలుపెట్టినావా అని ఇంకొకరు. ఆయన మాత్రం అంగడికి రెండు చుక్కల చొప్పున వేసి, ఇది తాత చెట్టుది, సాంబ్రాణే, అని ప్రతి చోటా అదే మాట చెప్పి దిగాడట. రెండు మూడు అంగళ్లు దాటాక ఎకసక్కెం ఆగిపోయింది. మిఠాయి అంగడాయన వెలిగించిన కప్పు ఆర్పేసి, లేచి నిలబడ్డాడట. దగ్గు ఉన్న ముసలాయన ఒకరుంటే మా ఆయన మెట్టు ఎక్కకుండా బోర్డుకు పొగ చూపించి పోయాడట. అది ఎప్పుడు చూసి నేర్చుకున్నాడో! జొన్నగింజ మాత్రం ఏ అంగట్లోనూ వెయ్యలేదు. మసీదు సందు దగ్గర, తాత చట్టి దించి కాళ్లు కడుక్కునే చోట, చివరి నిప్పు మీద వేశాడట.

ఇంటికి వచ్చేసరికి మసీదులో నమాజుకు పిలిచే బాంకు వినపడుతోంది. తాత కూతురికీ మా ఆయనకూ అన్నం వడ్డించాను. మా ఆయన సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని, ముద్ద కలిపి నోటిదాకా తీసుకుపోయి ఆగాడు. చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"ఏందిది, పోనే పోదు," అని ఆ చెయ్యి నా ముందుకు చాపాడు.

నేను గరిటె పక్కన పెట్టి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, వంగి చూశాను. అది మా ఆయన కాదు, తాతే.